గృహవిజ్ఞానము: కారు బ్యాటరీని ఎన్నుకొనుట

బియ్యము కొనునప్పుడు గింజ నోట వేసికొని చూచెదము. పట్టుచీర కొనునప్పుడు అంచు త్రిప్పి చూచెదము. కారునకు బ్యాటరీ కొనవలసివచ్చినచో మాత్రము అంగడివాఁడు చూపినదానికి తల యూఁచి వచ్చెదము. అర్ధరాత్రమున ఆయాసపడు అత్తగారిని ఆసుపత్రికిఁ గొనిపోవలసినప్పుడు కారు కదలకున్నచో, ఆ యుదాసీనత వెల యెంతయో తెలియును.

మొదట దోషము బ్యాటరీదేనా యని తెలిసికొనవలెను. ఇంజను ఆఁపి కొన్ని గంటలుంచిన పిదప, శక్తి నిండిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడచునప్పుడు సాధారణముగా 14 వోల్టుల చేరువ నుండును. అట్లు పెరుగనిచో ఆల్టర్నేటరును గూడ పరీక్ష చేయింపవలెను. లోపము దానిదే యైనచోఁ గ్రొత్త బ్యాటరీ వలన ఫలము లేదు.

పిదప కారుతో వచ్చిన పుస్తకమును, పాత బ్యాటరీమీఁది చీటిని చదువుఁడు. చీటిపై "38బి20ఎల్" అని యున్నదనుకొందము. ఇది జపానువారి పద్ధతి. 38 అనునది సామర్థ్యపు తరగతి. దీనిని ఆంపియర్-గంటలని భ్రమపడరాదు, అవి వేఱుగా వ్రాయఁబడి యుండును. 'బి' వెడల్పు, ఎత్తులను దెలుపును. 20 సుమారు 20 సెంటీమీటర్ల పొడవును దెలుపును. 'ఎల్' ధన, ఋణ ధ్రువములు ఏ ప్రక్కల నున్నవో చెప్పును. దానికి బదులు 'ఆర్' గలది తెచ్చినచోఁ దీఁగ అందకపోవచ్చును. తారుమారుగాఁ దగిలించినచో విలువైన పరికరములు కాలిపోవచ్చును.

కూడలియందు నిలిచినప్పుడు ఇంజను తనంతఁ దానే ఆఁగి, మరల మొదలగు కార్లు కొన్ని గలవు. వానికి ఇ.ఎఫ్.బి. లేదా ఏ.జి.ఎమ్. అను జాతి బ్యాటరీలను అమర్చెదరు. చవుకయని వానిలో సాధారణమైనదానిని పెట్టినచో శీఘ్రముగాఁ జెడును.

తయారైన నెలను గూడ చూడుఁడు. అంగడిలో నెలలతరబడి నిలువయున్న బ్యాటరీ వాడకయే క్షీణించును. హామీ యెన్ని నెలలని యడుగుట చాలదు. ఉచితముగా మార్చి యిచ్చు కాలము వేఱు, ధరలో కొంత తగ్గించి యిచ్చు కాలము వేఱు. రెంటిని విడివిడిగా రసీదుపై వ్రాయించుకొనుఁడు.

పాత బ్యాటరీలో సీసమును, గంధకికామ్లమును గలవు. సీసము పసిపిల్లలకు మిక్కిలి హాని చేయును. కావున దానిని ఇంటి మూల నుంచక, వీధి పాతసామానువానికి వేయక, క్రొత్తది కొన్న అంగడివారికే యిచ్చి, ధరలో తగ్గింపు పొందుఁడు.

బ్యాటరీ చెడిననాఁడు ఇవన్నియు వెదకుటకు వ్యవధి యుండదు. కావున నేఁడే చీటిమీఁది గుర్తును, ఆంపియర్-గంటలను, జాతిని, కొన్న తేదీని పద్దుపుస్తకమున వ్రాసి యుంచుఁడు. ఆ యొక్క పంక్తి చేత నున్నచో ఏ యంగడికైనను ధైర్యముగాఁ బోవచ్చును.