కంపెనీ మాట వినే నిబంధన, వాడ మాట వినదు

మంగళగిరిలో కొత్త సెల్ టవర్ ఎక్కడ లేవాలో ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్న వేయగానే చర్చ రేడియేషన్ మీదికి పోతుంది. మేం మాట్లాడాలనుకుంటున్నది అధికారం గురించి.

ముందే ఒక మాట. టవర్లు వద్దని మేం అనడం లేదు. కరోనా కాలంలో సిగ్నల్ లేక, ఫోన్ లేక చదువుకు దూరమైన పిల్లల్లో మన పిల్లలు ఎంతమందో మనకు తెలుసు. రేషన్‌కు వేలిముద్ర, స్కాలర్‌షిప్‌కు ఓటీపీ. నెట్‌వర్క్ అందని చోట హక్కు కూడా అందదు. టవర్ కావాలి. అది ఎవరి స్థలంలో, ఎవరిని అడిగి, ఎవరికి అద్దె తెస్తూ లేస్తోందన్నదే అసలు లెక్క.

నిబంధనలు ఏం చెబుతున్నాయో చూద్దాం. 2022 ఆగస్టులో కేంద్రం చేసిన సవరణతో ప్రైవేటు స్థలంలో టవర్‌కు స్థానిక సంస్థ అనుమతి అవసరం లేకుండా పోయింది. పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా తెలియజేసి, కట్టడం భద్రంగా ఉందని స్ట్రక్చరల్ ఇంజనీరు సర్టిఫికెట్ జత చేస్తే చాలన్నారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద వచ్చిన రైట్ ఆఫ్ వే నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రభుత్వ స్థలమైతే దరఖాస్తును 67 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. తిరస్కరించాలంటే కారణం రాయాలి, కంపెనీ వాదన వినాలి.

అంటే తన మాట చెప్పుకునే అవకాశం కంపెనీకి ఉంది. టవర్ పక్కన బతకబోయేవాళ్లను పిలిచి అడగాలన్న షరతు మాత్రం లేదు.

ఇప్పుడు మంగళగిరికి వద్దాం. 2021లో మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలను కలిపి కార్పొరేషన్ చేశారు. నవులూరు, ఎర్రబాలెం, కాజ, చినకాకాని వంటి గ్రామాలు అందులో కలిసిపోయాయి. దాంతో ఆ ఊళ్లకు పంచాయతీ లేదు, గ్రామసభ లేదు. పట్టణ సంస్థల్లో జనాభాను బట్టి ఎస్సీలకు సీట్లు కేటాయించాలని రాజ్యాంగంలోని 243టి అధికరణం చెబుతోంది. కానీ ఎన్నికే జరగకపోతే రిజర్వేషన్ కాగితం మీదే ఉంటుంది. కార్పొరేషన్ ఏర్పడ్డాక ఏళ్ల తరబడి ఎన్నికైన కౌన్సిల్ లేకుండా అధికారుల పాలనే సాగింది. 67 రోజుల మౌనమే అంగీకారమైనప్పుడు, కౌన్సిల్ లేని చోట ఆ మౌనాన్ని ప్రశ్నించేదెవరు? ఫైలు మీద దుమ్ము పడినా లాభం కంపెనీకే.

భూమి సంగతి కూడా చూడాలి. టవర్ అద్దె డాబా ఉన్నవాడికి, పట్టా భూమి ఉన్నవాడికి వస్తుంది. మనవాళ్లలో చాలామందికి ఉన్నది ప్రభుత్వమిచ్చిన ఇంటి స్థలమో, డి-పట్టా చెక్కో. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. 2023లో ఆ చట్టాన్ని సవరించి 20 ఏళ్లు దాటిన అసైన్‌దారులకు వెసులుబాటు ఇచ్చినా, ఆ లెక్కలోకి రానివాళ్లు అలాగే మిగిలారు. అద్దె ఊరికి పోతుంది, ఆ అద్దెలో వాడకు వాటా లేదు.

వాడ దగ్గర ఉండేదేమిటి? శ్మశానం, కమ్యూనిటీ హాలు, పోరంబోకు. రికార్డుల్లో అవి ప్రభుత్వ స్థలాలు. మన బతుకులో ఉమ్మడి ఆస్తులు. 67 రోజుల నిబంధన వర్తించేది సరిగ్గా ఇలాంటి చోటే. అందుకే ఇది మన సమస్య.

పన్ను విషయం కూడా ఉంది. టవర్లపై మున్సిపాలిటీలు ఆస్తి పన్ను వేయొచ్చని 2016 డిసెంబరులో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 చట్టం మాత్రం టెలికాం నెట్‌వర్క్‌ను ఆస్తి పన్ను కోసం ఆ ఆస్తిలో భాగంగా లెక్కించకూడదంటోంది. స్థానిక సంస్థ చేతిలోంచి అనుమతి జారింది, ఇప్పుడు ఆదాయానికీ కత్తెర పడుతోంది. వాడలో మురుగు కాలువ కట్టాల్సింది ఆ స్థానిక సంస్థే కదా.

ఇక రేడియేషన్. మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతు. భయపడటం కన్నా కొలిపించుకోవడం మేలు. కానీ కేంద్రం నడిపే తరంగ్ సంచార్ పోర్టల్‌లో కొలత కోరితే రుసుము 4,000 రూపాయలు. మిరప కోతకు వెళ్లే కూలీ ఎన్ని రోజులు పనిచేస్తే అంత డబ్బు వస్తుంది?

మేం అడిగేవి ఇవి. ప్రతి దరఖాస్తునూ, ప్రతి సమాచార లేఖనూ సంబంధిత వార్డు సచివాలయంలో తెలుగులో అతికించాలి. ప్రభుత్వ స్థలమైతే వాడలో సభ పెట్టకుండా సంతకం చేయకూడదు. ఉమ్మడి స్థలం మీద వచ్చే ఆదాయం ఆ వాడకే ఖర్చు పెట్టాలి. కొలత రుసుము పేదలకు రద్దు చేయాలి. కార్పొరేషన్‌కు ఎన్నికైన కౌన్సిల్ ఉండాలి. మంగళగిరి ఎమ్మెల్యే నారా లోకేశే రాష్ట్ర ఐటీ మంత్రి కూడా. ఈ మాటలు ఆయన చెవిన పడటానికి దూరం అడ్డు కాదు.

అప్పటిదాకా విద్యార్థులు చేయగల పని ఒకటుంది. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబివ్వాలి. టవర్ ఫైలుకు గడువు 67 రోజులు. మన వార్డులో ఏ దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్నాయో నెలనెలా అడిగితే, మౌనం అనుమతిగా మారకముందే వాడకు తెలుస్తుంది. అభ్యంతరం రాసి కమిషనర్‌కూ కలెక్టర్‌కూ ఇచ్చే సమయం మిగులుతుంది.