నికా చెల్లుతుంది, బీవీ చెల్లదా?

మా ఫుప్పు కోడలు కరాచీ పిల్ల. పేరు రాయను, గల్లీ రాయను, ఎందుకో మీకు తెలుసు. పోలీస్ యాక్షన్ తర్వాత మన హైదరాబాదీలు చాలామంది అటు వెళ్లిపోయారు. కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే మొహల్లానే ఉంది. ఖాందాన్ రెండు ముల్కుల్లో చీలినా రిష్తాలు తెగలేదు. చిచ్చా బిడ్డను ఇటు తెచ్చుకున్నారు, ఫుప్పు బిడ్డను అటు ఇచ్చారు. ఇందులో జుర్మ్ ఏముంది?

2008లో ఆమె సరైన వీసా మీదే వచ్చింది, దొంగదారిన కాదు. 2013లో పాస్‌పోర్టు గడువు అయిపోయింది. దాంతో వీసా పొడిగింపు ఆగింది. కొత్త పాస్‌పోర్టు కోసం ఢిల్లీలోని వాళ్ల హైకమిషన్ చుట్టూ తిరగడానికి మా భాయ్ దగ్గర పైసల్లేవు. నిజం చెప్పాలంటే ఫికర్ కూడా లేదు. మన మర్దులు బీవీ కాగితాలను బీరువాలో పెట్టి తాళం తమ జేబులో వేసుకుంటారు. తారీఖు దాటితే మాత్రం నేరం ఆమెది!

1955 పౌరసత్వ చట్టం ప్రకారం, భారతీయుణ్ణి పెళ్లాడి ఏడేళ్లు ఇక్కడ ఉన్న మనిషి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. షరతేమిటంటే, ఆమె 'అక్రమ వలసదారు' కాకూడదు. వీసా మీద వచ్చి గడువు దాటి ఉండిపోయినా ఆ పేరే పడుతుంది. జుర్మానా కట్టి సరిచేసుకునే వీలు అసలే లేదనను. కానీ అది హక్కు కాదు, ఆఫీసర్ సాబ్ మెహర్బానీ. ఆయన మూడ్ బాగుంటే కాపురం, లేకుంటే ఖతం.

అసలు జుల్మ్ పిల్లల దగ్గరుంది. 2004 డిసెంబర్ 3 నుంచి ఇక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు కావాలంటే తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలదు, రెండోవారు ఆ రోజుకు అక్రమ వలసదారు కాకూడదు. పెద్దోడు పుట్టినప్పుడు అమ్మీకి వీసా ఉంది. 2014లో చిన్నది పుట్టినప్పుడు లేదు. ఒకే అబ్బా, ఒకే అమ్మీ, ఒకే దస్తర్‌ఖాన్. కానూన్ లెక్కలో అన్న ఈ దేశపోడు, చెల్లె కాదు.

గడువు దాటినవాళ్లను మాఫ్ చేయడం హుకూమత్‌కు రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. 2019 సవరణలో చేసి చూపించింది. మూడు దేశాల నుంచి 2014 డిసెంబర్ 31లోగా వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవులను అక్రమ వలసదారులుగా లెక్కించొద్దంది. వాళ్లకు ఇచ్చినందుకు నాకు గిలా లేదు, సతాయింపు పడి వచ్చినవాళ్లకు నీడ ఇవ్వాల్సిందే. నా సవాల్ ఒక్కటే: అదే కరాచీ నుంచి, అదే తారీఖులోపు వచ్చి, ఇక్కడి పౌరుడి ఇల్లు దిద్దుతున్న ఔరత్‌కు ఆ మాఫీ ఎందుకు లేదు? మజహబ్ తప్ప ఇంకో జవాబుంటే చెప్పండి.

భద్రత అంటారు. జరూర్, తనిఖీ చేయండి. ఆమె ఫోటో, చిరునామా పోలీసుల దగ్గర ఏళ్లుగా ఉన్నాయి. దాక్కున్న మనిషి దరఖాస్తు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడుతుందా? 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్ ఖూనీల తర్వాత పాకిస్తానీ వీసాలు రద్దు చేసి, లాంగ్ టర్మ్ వీసా ఉన్నవాళ్లను మినహాయించారు. ఆ వీసా చేతిలో లేని మా ఇంట్లో నాలుగు రాత్రులు ఎవరూ పడుకోలేదు. ఆ హంతకులను తిట్టినవాళ్లలో ఈమే ముందుంది.

నేనడిగేది ఖైరాత్ కాదు. రాజ్యాంగం 14వ, 21వ అధికరణలు 'పౌరుడు' అనలేదు, 'వ్యక్తి' అన్నాయి. ఆలస్యానికి జుర్మానా వేయండి, కడతాం. దాన్ని చట్టంలో రాయండి. నికా అయి ఏడేళ్లు దాటిన మనిషికి మధ్యలో తెగిన వీసాను లెక్కించకుండా రిజిస్టర్ చేయండి. ఆమె దరఖాస్తు షౌహర్ దయ మీద కాకుండా ఆమె చేతుల మీదుగా నడవనివ్వండి.

మొన్న ఆఫీసులో ఓ గుమాస్తా, "ఇన్నేళ్లు ఏం చేశావమ్మా?" అన్నాడు. ఆమె తల దించుకునే చెప్పింది: "వంట చేశాను సాబ్."

జుమ్మా అయ్యాక మళ్లీ వెళ్తున్నాం. ఈసారి బీరువా తాళం చెవి ఆమె దగ్గరే ఉంది.