పాత విండోస్‌ను తొలగించే ముందు



ఇది ఇళ్లలో, దుకాణాలలో, మద్రసా కార్యాలయాలలో కంప్యూటర్లు మారుతున్న కాలం. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ సంస్థ మద్దతు ముగించింది. ఆ తేదీల తర్వాత కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ ప్రాంతాలలో చాలామంది తమ పాత యంత్రానికి కొత్త ఎస్ఎస్‌డీ వేయించుకున్నారు, లేదా కొత్త కంప్యూటరే కొనుక్కున్నారు. పాత హార్డ్ డిస్క్‌ను మాత్రం పారేయలేదు. ఫొటోలు దాచుకోవడానికి పనికివస్తుందని రెండవ డిస్క్‌గా అందులోనే బిగించుకున్నారు.

అలా బిగించిన డిస్క్‌లో పాత విండోస్ కూడా ఉండిపోతుంది. కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ నీలిరంగు తెర వచ్చి, రెండింటిలో ఏ విండోస్ కావాలో ఎంచుకోమని అడుగుతుంది. ఇరవై ముప్పై జీబీల స్థలం వృథా అవుతుంది. మద్దతు ముగిసిన వ్యవస్థను పొరపాటున తెరచి ఇంటర్నెట్‌కు కలిపితే వైరస్‌ల భయం కూడా ఉన్నది. కనుక దానిని తొలగించాలని అనుకోవడం సబబే. అయితే తొలగించడం ఈ పనిలో చిట్టచివరిది, అన్నింటికన్నా చిన్నది. దానికంటే ముందు చేయవలసినవే ముఖ్యమైనవి. వాటిని వరుసగా వివరించడమే ఈ నెల మా ఉద్దేశం.

పాత డిస్క్‌లో మూడు రకాల వస్తువులు కలిసి ఉంటాయని మొదట గ్రహించాలి. ఒకటి, పాత విండోస్ సొంత ఫైళ్లు. ఇవి మనకు అక్కర్లేదు. రెండు, కంప్యూటర్ మేల్కొన్నప్పుడు విండోస్ ఎక్కడున్నదో చూపించే బూట్ ఫైళ్లు. ఇవి కొత్త విండోస్‌కు కూడా అవసరమై ఉండవచ్చు. మూడు, మనవీ, మనల్ని నమ్మి ఇతరులు అప్పగించినవీ అయిన పత్రాలు. ఈ మూడింటినీ వేరు చేయకుండా ఫార్మాట్ నొక్కితే, అక్కర్లేని దానితోపాటు అత్యవసరమైనది కూడా పోతుంది.

మూడవ రకం ఎంత విలువైనదో మన ఇళ్లను చూస్తే తెలుస్తుంది. గల్ఫ్ వెళ్లిన కుమారుని పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రాల స్కాన్ ప్రతులు అందులో ఉంటాయి. నికాహ్‌నామా, పహాణీ నకలు, పిల్లల మార్కుల జాబితాలు ఉంటాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడకముందు, 2016 అక్టోబర్‌లో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోకముందు తీసుకున్న ధ్రువపత్రాలు పాత జిల్లా పేరుతోనే ఉంటాయి. వాటి అసలు ప్రతులు చిరిగిపోయిన కుటుంబాలకు ఆ స్కాన్ ఒక్కటే ఆధారం. మిడ్ మానేరు జలాశయంలో ఊరు మునిగిపోయిన వారికైతే, తాము పుట్టిన ఇంటి ఫొటో ఆ డిస్క్‌లో తప్ప భూమి మీద మరెక్కడా ఉండకపోవచ్చు.

ఇక పనిలోకి వద్దాం. మొదటి మెట్టు డిస్క్‌ను గుర్తుపట్టడం. పాత కంప్యూటర్‌లో సీ డ్రైవ్‌గా ఉన్నది కొత్త విండోస్‌లో డీ గానో, ఈ గానో కనిపిస్తుంది. పాత డీ మరో అక్షరానికి మారుతుంది. కనుక అక్షరాన్ని నమ్మరాదు. పరిమాణాన్నీ, లోపలి ఫోల్డర్లనూ చూసి గుర్తించాలి. గుర్తించిన వెంటనే ఆ డ్రైవ్ మీద కుడి మీట నొక్కి, రీనేమ్ ద్వారా 'పాత విండోస్' అని పేరు పెట్టండి. చిన్న పనే అయినా పెద్ద ప్రమాదాన్ని తప్పిస్తుంది. బ్రిటన్‌లోని న్యూపోర్ట్ పట్టణంలో 2013లో ఒక వ్యక్తి దగ్గర రెండు హార్డ్ డిస్క్‌లుండగా, పారేయవలసిన దానికి బదులు ఉంచుకోవలసినది చెత్తలోకి వెళ్లింది. అందులో ఆయన వేలాది బిట్‌కాయిన్ల తాళం ఉన్నది. ఏళ్ల తరబడి న్యాయస్థానం దాకా తిరిగినా చెత్తకుప్పను తవ్వే అనుమతి ఆయనకు దక్కలేదు. మన ఇళ్లలో బిట్‌కాయిన్లు లేకపోవచ్చు, కాని ఏ డిస్క్ ఏదో తెలియని స్థితి మాత్రం అదే.

రెండవ మెట్టు ప్రతి తీసుకోవడం. పాత డిస్క్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ తెరిస్తే, ఆ కంప్యూటర్ వాడిన ఒక్కొక్కరి పేరుతో ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అన్నీ దాని లోపలివే. తెరవడానికి అనుమతి లేదని విండోస్ చెబితే కంగారు పడనక్కర లేదు. కంటిన్యూ నొక్కితే సాధారణంగా తెరుచుకుంటుంది. ఇంట్లో ఎవరి ఫోల్డర్‌నూ చిన్నదని వదిలిపెట్టకండి. అక్కయ్య పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఆమె డిగ్రీ ప్రాజెక్టు ఉండవచ్చు, నాన్నగారి ఫోల్డర్‌లో ఇంటి పన్ను రసీదులు ఉండవచ్చు. కాపీ మాత్రమే చేయండి, కట్ చేయవద్దు. మధ్యలో కరెంటు పోతే కాపీ చేసినప్పుడు అసలు ప్రతి చెక్కుచెదరకుండా ఉంటుంది. డిస్క్ నుండి టక్ టక్ శబ్దం వస్తున్నట్లయితే అది చెడిపోతున్నదని అర్థం. ఆలస్యం చేయకుండా అతి ముఖ్యమైన వాటిని ముందు తీసుకోవాలి.

యూజర్స్ ఫోల్డర్ బయట కూడా మన సొత్తు ఉంటుంది. చాలామంది ఇక్కడే నష్టపోతారు. దుకాణం లెక్కలు టాలీలో రాసుకునేవారి సమాచారం తరచుగా సీ డ్రైవ్‌లోనే, డేటా అనే ఫోల్డర్‌లో, అంకెల పేర్లతో ఉంటుంది. చూసేవారికి అది ఏ విలువా లేని ఫోల్డర్‌లా కనిపిస్తుంది. తెలుగు డీటీపీ పని చేసినవారి అను ఫాంట్లు విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్‌లో ఉంటాయి. విండోస్ ఫోల్డర్ పోతే అవీ పోతాయి. అప్పుడు పాత పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు పొంతన లేని ఆంగ్ల అక్షరాలు కనిపిస్తాయి.

ఉర్దూ రాతపని ఉన్నవారికి మరొక జాగ్రత్త అవసరం. మన దేశంలో 1994లో వెలువడిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌లోనే మద్రసాల ప్రశ్నపత్రాలు, పెళ్లి పత్రికలు, పుస్తకాల ప్రతులు ఏళ్ల తరబడి తయారయ్యాయి. పాత ఇన్‌పేజ్ ఫైలును వర్డ్ వంటి ఇతర సాఫ్ట్‌వేర్‌తో నేరుగా చదవలేము. ఫైలును భద్రంగా దాచి, దానిని తెరిచే సాఫ్ట్‌వేర్‌ను పోగొట్టుకుంటే, పెట్టెను ఉంచుకొని తాళంచెవిని బావిలో వేసినట్లే. కనుక పాత విండోస్ ఇంకా తెరుచుకుంటున్నప్పుడే, ఇంటర్నెట్ తీసివేసి, దానిలోకి చివరిసారిగా వెళ్లండి. ముఖ్యమైన ఇన్‌పేజ్ ఫైళ్లను పీడీఎఫ్‌గా మార్చుకోండి. టాలీలోనే బ్యాకప్ తీయండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు చూసి రాసుకోండి. ఆ పాస్‌వర్డులు పాత విండోస్ లాగిన్‌తో ముడిపడి ఉంటాయి. ఫోల్డర్‌ను కాపీ చేసినంత మాత్రాన అవి రావు.

మూడవ మెట్టు సరిచూసుకోవడం. అసలు ఫోల్డర్ మీద, ప్రతి ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ చూస్తే, రెండింటిలోనూ ఫైళ్ల సంఖ్య, పరిమాణం కనిపిస్తాయి. అవి సమానంగా ఉండాలి. అంతటితో ఆగక కొన్ని ఫొటోలు, కొన్ని పత్రాలు, ఒక టాలీ బ్యాకప్ కొత్త యంత్రంలో తెరిచి చూడాలి. తెరిచి చూడని ప్రతిని ప్రతిగా లెక్కించరాదు. ఆ ప్రతిని కూడా రెండు చోట్ల ఉంచాలి. ఒకటి కంప్యూటర్‌లో ఉంటే, మరొకటి బయటి డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో బీరువాలో ఉండాలి.

నాల్గవ మెట్టు బూట్ ఫైళ్ల పరీక్ష. ఇది చాలామందికి తెలియని సంగతి. పాత డిస్క్ లోపల ఉండగానే మెకానిక్ కొత్త ఎస్ఎస్‌డీలో విండోస్ ఎక్కించినట్లయితే, కొత్త విండోస్ తన బూట్ ఫైళ్లను తరచుగా పాత డిస్క్‌లోనే పెట్టుకుంటుంది. ఇల్లు కొత్తదే అయినా వాకిలి మాత్రం పాత ఇంటి గుండానే ఉన్నట్లు. అప్పుడు పాత డిస్క్‌ను చెరిపివేస్తే, కొత్త విండోస్ ఎంత చక్కగా ఉన్నా కంప్యూటర్ తెరుచుకోదు.

దీనిని తెలుసుకునే మార్గం సులువు. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, ప్లగ్ తీసివేసి, పాత డిస్క్‌కు వెళ్లే రెండు తీగలనూ ఊడదీయాలి. తర్వాత కంప్యూటర్ తెరవాలి. కొత్త విండోస్ మామూలుగా తెరుచుకుంటే, అది సొంత కాళ్ల మీద నిలబడి ఉన్నదని అర్థం. తెరుచుకోకపోతే భయం వద్దు, ఏమీ పోలేదు. ఆపి తీగలు మళ్లీ తగిలిస్తే అంతా యథాతథంగా ఉంటుంది. అటువంటప్పుడు తెలిసిన మెకానిక్‌తో, బీసీడీబూట్ అనే ఆదేశం ద్వారా కొత్త డిస్క్‌లోనే బూట్ ఫైళ్లు సృష్టింపజేసి, తీగలు ఊడదీసి మరోసారి పరీక్షించాలి. ఈ పరీక్ష నెగ్గనంతవరకు పాత డిస్క్ జోలికి పోరాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కూడా ఒక సూచన దొరుకుతుంది. సిస్టమ్ అనే మాట పాత డిస్క్‌లోని భాగం మీద కనిపిస్తే, వాకిలి ఇంకా అక్కడే ఉన్నదని గ్రహించాలి.

ఈ నాలుగు మెట్లూ దాటిన తర్వాతే తొలగింపు. ముందుగా నీలిరంగు తెర సంగతి. రన్ పెట్టెలో ఎంఎస్ కాన్ఫిగ్ అనే ఆదేశం ఇస్తే వచ్చే కిటికీలో బూట్ అనే విభాగం ఉంటుంది. అందులో రెండు విండోస్‌ల పేర్లు కనిపిస్తాయి. కరెంట్ ఓఎస్ అని రాసి ఉన్నది మనం ఇప్పుడు వాడుతున్నది. దానిని ముట్టుకోకుండా, రెండవదానిని ఎంచుకొని డిలీట్ నొక్కాలి. దీనివల్ల పాత ఫైళ్లు పోవు, అడిగే తెర మాత్రమే పోతుంది. అప్పటికి ఇంకా సందేహం ఉన్నవారు ఇక్కడే ఆగి, ఒకటి రెండు నెలలు గడిపి చూడవచ్చు. ఏదైనా మరచి ఉంటే ఆ వ్యవధిలో తప్పక గుర్తుకు వస్తుంది.

తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో, మనం 'పాత విండోస్' అని పేరు పెట్టిన భాగం మీద కుడి మీట నొక్కి ఫార్మాట్ చేయాలి. అదే డిస్క్‌లో ఫొటోల కోసం వేరే భాగం ఉంటే దానిని ముట్టుకోనక్కర లేదు. విండోస్ ఫోల్డర్‌ను ఒక్కటిగా డిలీట్ చేయడానికి ప్రయత్నించేవారు అనుమతి లేదన్న సందేశాలతో గంటల తరబడి విసిగిపోతారు. ఫార్మాట్ అయితే నిమిషాల పని. నడుస్తున్న సీ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయనివ్వకుండా విండోస్ తనను తాను కాపాడుకుంటుంది. మన ఫొటోల డ్రైవ్‌కు మాత్రం అటువంటి రక్షణ లేదు. అక్కడ కాపలా మన కళ్లే. పాత డిస్క్ మొదట్లో కొన్ని వందల ఎంబీల చిన్న భాగం మిగిలి, అది తొలగకపోతే అలాగే వదిలేయండి. దానికోసం డిస్క్‌పార్ట్, క్లీన్ వంటి ఆదేశాలు ప్రయోగించడం అనుభవం లేనివారికి తగదు. అందులో డిస్క్ అంకె ఒక్కటి తప్పితే ఒక డిస్క్‌కు బదులు మరొక డిస్క్ ఖాళీ అవుతుంది.

చివరిగా, ఆ డిస్క్‌ను ఇంట్లో ఉంచుకోకుండా అమ్మదలచినవారికి ఒక మాట. క్విక్ ఫార్మాట్ చేసిన డిస్క్ ఖాళీగా కనిపిస్తుందే గాని ఖాళీ కాదు. విషయసూచిక మాత్రమే చెరుగుతుంది, పుటలు అలాగే ఉంటాయి. మామూలు సాఫ్ట్‌వేర్‌తో వాటిని తిరిగి పైకి తీయవచ్చు. మన ఆడబిడ్డల పెళ్లి ఫొటోలు, ఆధార్ ప్రతులు, బ్యాంకు కాగితాలు ఎవరి చేతిలో పడతాయో మనకు తెలియదు. పాత ఇనుము కొనే బండికి వేసిన డిస్క్ కూడా ఇంతే. అందుకే ఇల్లు దాటే డిస్క్‌లోని అన్ని భాగాలనూ, క్విక్ ఫార్మాట్ గుర్తు తీసివేసి, పూర్తి ఫార్మాట్ చేయాలి. విండోస్ విస్టా నాటి నుండి పూర్తి ఫార్మాట్ చేస్తే ఆ భాగమంతటా సున్నాలు రాయబడతాయి. పెద్ద డిస్క్‌కు గంటలు పట్టవచ్చు, రాత్రి పెట్టి పడుకోండి. డిస్క్ చెడిపోయి ఫార్మాట్ కూడా కాకపోతే, లోపలి పళ్లేలను పగులగొట్టించి ఇవ్వడం మేలు.

దుకాణంలో, మద్రసాలో, మస్జిద్ కమిటీలో కంప్యూటర్ చూసుకునేవారికి ఈ బాధ్యత మరింత ఎక్కువ. వారి డిస్క్‌లో ఉన్నది వారి సొత్తు మాత్రమే కాదు. విద్యార్థుల వివరాలు, చందా లెక్కలు, ఎవరెవరో నమ్మి ఇచ్చిన కాగితాలు అందులో ఉంటాయి. అవి అమానతు. వాటిని పోగొట్టడం ఎంత నష్టమో, పరుల చేతిలో పడనివ్వడం కూడా అంతే నష్టం. ఒక ఆదివారం వెచ్చించి, డిస్క్‌కు పేరు పెట్టి, ప్రతి తీసి, తెరిచి చూసి, తీగ ఊడదీసి పరీక్షించండి. ఇన్షా అల్లాహ్, ఆ తర్వాత ఫార్మాట్ నొక్కేటప్పుడు చేయి వణకదు.