పాత కంప్యూటర్‌ని పారేసే ముందు అందులోని తెలుగుని కాపాడుకోండి

ఫార్మింగ్టన్ హిల్స్: మన ఎన్నారై కుటుంబాల్లో ఒక్క కంప్యూటర్‌తో సరిపెట్టుకునే ఇల్లు అరుదు. ఆఫీసు లాప్‌టాప్ ఒకటి, పిల్లల స్కూలు పనికి ఒకటి, బేస్‌మెంట్‌లో పదేళ్లనాటి డెస్క్‌టాప్ ఒకటి. ఆఫీసుది కంపెనీ చూసుకుంటుంది. బేస్‌మెంట్‌లో ఉన్నదాని గురించే ఎవరికీ పట్టదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వార్తలు చదువుకునేదీ, మనం టాక్స్ కాగితాలు దాచుకునేదీ మాత్రం దాంట్లోనే!

2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. అంటే ఆ రోజు నుంచి కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు ఉచితంగా సవరణలు రావు. తలుపు ఉంటుంది, తాళం మాత్రం పాతబడుతూ ఉంటుంది. అలాంటి కంప్యూటర్‌లో ఎన్ఆర్ఈ అకౌంట్ తెరవడం ఎంతవరకు క్షేమమో ఆలోచించండి.

మరి విండోస్ 11కి మారిపోతే సరి కదా అంటారు. అర్హత ఉన్న కంప్యూటర్‌కి అది ఉచితమే. చిక్కంతా ఆ అర్హత దగ్గరే. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ దాదాపు 2017 చివర్లోనో ఆ తర్వాతో వచ్చిన తరానిది అయివుండాలి. ఎనిమిదో తరానికి ముందు ఇంటెల్ చిప్‌లు చాలావరకు పనికిరావు. కొన్నిట్లో టీపీఎం ఉండి కూడా సెట్టింగుల్లో ఆఫ్ చేసి ఉంటుంది. అందుకే పారేసే ముందు మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్‌తో ఒకసారి చూసుకోండి.

బాగా పనిచేస్తున్న యంత్రాన్ని చిప్ లేదని చెత్తలో వేయమనడం నా దృష్టిలో న్యాయం కాదు. 2014 నుంచి ఆ సంస్థకి సారథి మన హైదరాబాద్ వాసి సత్య నాదెళ్ల అని గర్వపడతాం, పడాలి కూడా. ఆ గర్వం వేరు, వినియోగదారుడిగా అడగాల్సింది అడగడం వేరు. జనం గొడవ చేశాకో ఏమో, ఇళ్లలో వాడేవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా సవరణల పథకం ప్రకటించారు. ముప్పై డాలర్లు కట్టినా, సెట్టింగులు వాళ్ల అకౌంట్‌కి బ్యాకప్ చేసుకుని డబ్బు కట్టకపోయినా ఇందులో చేరవచ్చన్నారు. అది శాశ్వత పరిష్కారం కాదు, ఊపిరి పీల్చుకునే వ్యవధి మాత్రమే. అర్హత లేని కంప్యూటర్‌లో ఉబుంటు లాంటి లినక్స్ వేసుకుంటే ఈమెయిల్‌కీ, వీడియోలకీ ఇంకొన్నేళ్లు హాయిగా పనికొస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చేదాకా విండోస్‌లో యూనికోడ్ తెలుగుకి సరైన వసతి లేదు. ఆ తర్వాత కూడా చాలామంది అను లాంటి ఫాంట్లలోనే టైపు చేశారు. నాన్నగారు రాసుకున్న జ్ఞాపకాలు, ఉగాది సావనీర్ వ్యాసాలు, పెళ్లి శుభలేఖలు అలాంటివే. ఆ ఫైళ్లలో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఫాంటు ఉంటేనే తెలుగుగా కనిపించే సంకేతాలు. కొత్త కంప్యూటర్‌లోకి ఫైలు ఒక్కటే తెచ్చుకుంటే పిచ్చి గీతలు కనిపిస్తాయి. కాబట్టి ఫైళ్లతో పాటు ఫాంట్లు కూడా కాపీ చేసుకోండి. పాత కంప్యూటర్‌లో తెరిచి పీడీఎఫ్‌గా దాచుకోండి. వీలైతే యూనికోడ్‌లోకి మార్పించండి. ఇవన్నీ అయ్యాకే డిస్క్ తుడిచి రీసైక్లింగ్‌కి ఇవ్వండి.

ఇంకో మాట. "మీ విండోస్ పాతబడింది, మేం బాగుచేస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయమని ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పండి. మైక్రోసాఫ్ట్ తనంతట తాను ఎవరికీ అలా ఫోన్ చేయదు.

డెట్రాయిట్ చుట్టుపక్కల మన ఐటీ వాళ్లకి కొదవ లేదు. మన తెలుగు సంఘాలు సంక్రాంతికో ఉగాదికో జరిపే సంబరాల్లో, భోజనాల హాలు పక్కన ఒక బల్ల వేసి నలుగురు కుర్రాళ్లని కూర్చోబెడితే చాలు, ఎన్నో ఇళ్ల కంప్యూటర్లు గట్టెక్కుతాయి. పాటల కార్యక్రమానికి పెట్టే శ్రద్ధలో పదోవంతు దీనికీ పెట్టమని నా మనవి.