కుట్లు ఆరిన తర్వాత అసలు లెక్క

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మన ఇళ్లలో ఆ మాట బయటికి రానివ్వరు. "గాల్‌బ్లాడర్‌లో రాళ్లొచ్చాయి, తీసేశారు" అంటారు. ఆ అబద్ధం అతికినట్టు సరిపోతుంది. రెండూ పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లతో చేసే లాపరోస్కోపీ ఆపరేషన్లే. రెండింటికీ రెండు మూడు రోజులు ఆస్పత్రి, తర్వాత ఇంట్లో కొంత విశ్రాంతి. చూడ్డానికి వచ్చిన పిన్నిగారు కొబ్బరినీళ్లు తెచ్చి, "కాస్త నూనె తగ్గించమ్మా" అని చెప్పి వెళతారు. మూడో నెలలో ఏదో పెళ్లికి వెళితే అదే పిన్నిగారు విస్తట్లో రెండో లడ్డు వేసి, తినేదాకా కదలరు. ఏడాది తిరిగేసరికి ఇంట్లోవాళ్లు కూడా సంగతి మరిచిపోతారు. ఈ ఆపరేషన్‌లో నన్ను ఎక్కువ భయపెట్టేది కత్తి కాదు, ఆ మరిచిపోవడమే.

ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఉండేవాళ్లకు ఇదంతా కళ్లముందే జరుగుతుంది. పూసా రోడ్డు మీద బీఎల్‌కే, రాజిందర్ నగర్‌లో సర్ గంగారామ్. నడిచి వెళ్లేంత దూరంలోనే రెండు పెద్ద ఆస్పత్రులు, రెండింటిలోనూ బరువు తగ్గించే ఈ బేరియాట్రిక్ సర్జరీలు చేస్తారు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన రోగుల బంధువులు దిగే చిన్న చిన్న హోటళ్లు గల్లీగల్లీకీ ఉన్నాయి. ఇటు తిరిగితే అజ్మల్ ఖాన్ రోడ్డు: పెళ్లి లెహంగాలు, ఛోలే భటూరే, కుల్ఫీ. దాటితే బ్యాంక్ స్ట్రీట్ నగల దుకాణాలు. దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ చొరవతో పుట్టిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడి ఒకటి పక్కనే ప్రసాద్ నగర్‌లో ఉంది. ఉద్యోగాలకని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పేట పాత చిరునామా. పెళ్లి బజారూ ఆస్పత్రీ ఇంత దగ్గరగా ఉన్నచోట ఆడపిల్ల బరువు గురించిన నిర్ణయం వైద్యుడి గదిలో కంటే ముందు సంబంధాల దగ్గరే మొదలవుతుంది. "ముహూర్తంలోపు ఎన్ని కిలోలు తగ్గుతుందండీ?" అని తల్లిదండ్రులు అడగడంలో వింతేమీ లేదు. కానీ ఆ ప్రశ్నతో మొదలైన ఆపరేషన్‌కు సరైన ముగింపు దొరకడం కష్టం.

సమస్య ఊహ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఢిల్లీ మహిళల్లో 41 శాతం, ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం, తెలంగాణ మహిళల్లో 30 శాతం బీఎంఐ (ఎత్తుకు బరువు నిష్పత్తి) 25, అంతకు పైన ఉన్నారు. మన దేశ నిపుణులు ఊబకాయానికి గీసిన గీత కూడా అదే 25. వీళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లాల్సినవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందికి మాత్రం ఇది సోకు కాదు, వైద్యం. షుగర్, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, కాలేయంలో కొవ్వు, మోకాళ్ల అరుగుదల ఒక్కొక్కటిగా వచ్చి పడుతుంటే ఎన్నాళ్లని డైటింగులు మారుస్తారు?

ఇక్కడ మన భాషలోనే ఒక తీర్పు ఉంది: "నోరు కట్టుకోలేకపోయింది." లావుగా ఉన్న మనిషిని చూసి మనం మొదట అనుకునే మాట అది. శరీరం దీనికి వేరే సమాధానం చెబుతోంది. బరువు తగ్గినకొద్దీ ఆకలి పెంచే హార్మోన్లు పైకి లేస్తాయి, ఖర్చయ్యే శక్తి తగ్గిపోతుంది. పోయిన కిలోల్ని వెనక్కి తెచ్చుకోవడానికి దేహం తన ప్రయత్నం తాను చేస్తుంది. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో నాలుగింట మూడొంతులకు పైగా తీసేసి అరటికాయంత గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం దాంతోపాటే పోతుంది. బైపాస్‌లో చిన్న సంచిలాంటి భాగాన్ని వేరుచేసి, దాన్ని పేగుకు కలుపుతారు. (బైపాస్ అనగానే మనవాళ్లకు గుండె గుర్తొస్తుంది, ఇది పొట్టది.) ఇరవై ఏళ్లు నోరు కట్టుకుని ఓడిపోయిన మనిషి ఆపరేషన్ అయిన వారానికి "ఆకలే వేయట్లేదు" అని ఆశ్చర్యపోతుంది. లోపం తన మనసులో లేదని ఆమెకు అప్పుడు తెలుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లకు అది ముందే తెలిసి ఉండాల్సింది.

ఎవరికి చేయాలన్నదానికి లెక్కలున్నాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1991లో బీఎంఐ 40 దాటినవాళ్లకు, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులున్నవాళ్లకు అని చెప్పింది. మన ఒంటి తీరు వేరు. తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్ వస్తుంది. అందుకే 2009లో భారతీయ నిపుణులు ఆ గీతల్ని 37.5కు, జబ్బులుంటే 32.5కు దించారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు తమ పాత గీతల్ని కూడా వదిలేసి, ఆసియావాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. మరి మన బీమా? నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో ఉన్నవి ఆ 1991 నాటి 40, 35 అంకెలే. జబ్బుల జాబితాలో గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని షుగర్ లాంటివి ఉన్నాయి.

అయిదడుగుల రెండంగుళాల మహిళను తీసుకోండి. అదుపులోకి రాని షుగర్ ఉంది. భారతీయ ప్రమాణం ప్రకారం 81 కిలోల దగ్గర ఆమెకు సర్జరీ సూచించవచ్చు. బీమా తలుపు తెరుచుకునేది 87 దగ్గర. మధ్యలోని ఆరు కిలోలను ఆమె ఏం చేయాలి? పెంచుకుని రావాలా? చాలా పాలసీల్లో దీనికి రెండు మూడేళ్ల నిరీక్షణ కాలం కూడా ఉంటుంది. ఆలోగా కళ్లు, మూత్రపిండాలు దెబ్బతింటూనే ఉంటాయి. రోగి ఒంటికి తగిన కొలత పదిహేనేళ్లకు పైగా మన దగ్గరే ఉండగా పరాయి కొలతతో పాలసీ రాయడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

భయం సంగతి కూడా చెప్పాలి. తెలుగిళ్లలో ఈ మాట ఎత్తగానే సినీనటి ఆర్తీ అగర్వాల్ పేరు వస్తుంది. 2015 జూన్ 6న అమెరికాలో, 31 ఏళ్లకే ఆమె కన్నుమూసినప్పుడు, కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారన్న వార్త అందరి మనసుల్లో ముద్రపడిపోయింది. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును పీల్చి తీసే పని. అది బరువుకూ షుగర్‌కూ వైద్యం కాదు. బేరియాట్రిక్ సర్జరీ వేరు. దాని ప్రమాదాలు దానికున్నాయి: కుట్టు దగ్గర లీకు, రక్తస్రావం, కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం. అమెరికాలో పది ఆస్పత్రుల రోగులపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో 30 రోజుల్లోపు మరణాలు 0.3 శాతం, పెద్ద చిక్కులు 4.3 శాతం. అవి అనుభవమున్న కేంద్రాల అంకెలు. "మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? రాత్రి రెండింటికి నాడి 120 దాటితే నన్ను ఎవరు చూస్తారు?" అని సర్జన్‌ను అడగడం అమర్యాద కాదు.

ఇక కోలుకోవడం. మొదటి రోజు సాయంత్రమే లేపి నడిపిస్తారు. రెండు వారాలు ద్రవాలు, తర్వాత మెత్తగా మెదిపినవి, నెలా నెలన్నరకు మామూలు తిండి, అదీ పిడికెడు. చెప్పడానికి ఇంతే. కష్టమంతా ఆ పిడికెడులో రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ పట్టించడంలో ఉంది. మన కంచంలో అన్నం ముందు, పప్పు తర్వాత. ఇప్పుడు వరస తిరగబడాలి. కోడిగుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలల్లో దాదాపు అంతే. కప్పు ముద్దపప్పు అంతా తిన్నా ఇంకా చాలా దూరమే ఉంటుంది. శాకాహారుల ఇళ్లలో పనీరు, సోయా, పొడులు లేకుండా ఈ లెక్క తేలదు. చారన్నంతో సరిపెట్టుకున్న మనిషికి మూడో నెల నుంచి దువ్వెన నిండా జుట్టు వస్తుంది. అది చాలావరకు తిరిగి మొలుస్తుంది. ఆగకుండా వాంతులైతే మాత్రం "ఆపరేషన్ తర్వాత మామూలేలే" అని ఊరుకోకూడదు. థయమిన్ అడుగంటితే మెదడు, నరాలు దెబ్బతింటాయి, కొన్నిసార్లు శాశ్వతంగా. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం. బైపాస్ అయినవాళ్లు తలనొప్పికో మోకాలికో మందుల షాపులో అడిగి వేసుకునే నొప్పి మాత్ర పుండు తెప్పించగలదు. వేగంగా బరువు తగ్గేవాళ్లకు పిత్తాశయంలో నిజంగానే రాళ్లు ఏర్పడతాయి. అందుకే చాలామంది సర్జన్లు ఆరునెలల పాటు మాత్ర రాస్తారు. బంధువులకు చెప్పిన ఆ అబద్ధం కొందరి విషయంలో ఇలా నిజమై ఎదురొస్తుంది.

ఇప్పుడు రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక అయ్యే ఖర్చును బీమా సాధారణంగా 60 నుంచి 90 రోజులు, కొన్ని పాలసీల్లో 180 రోజులు ఇస్తుంది. జుట్టు రాలడం దాదాపు అప్పుడే మొదలవుతుంది. ఒంట్లోని బి12 నిల్వ తరిగేసరికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. బరువు మెల్లగా వెనక్కి మళ్లడం రెండో ఏడు దాటాక. స్వీడన్‌లో 1987లో మొదలైన సుదీర్ఘ అధ్యయనం ఈ సర్జరీ ఆయుష్షు పెంచుతుందని చూపింది. అదే అధ్యయనంలో, రెండేళ్ల తర్వాత షుగర్ నుంచి బయటపడి ఉన్నవాళ్లు 72 శాతమైతే, పదేళ్ల తర్వాత 36 శాతం. ఆపరేషన్ వృథా అని దీనర్థం కాదు, మామూలు వైద్యంలో ఉన్నవాళ్లకు పదేళ్ల దగ్గర దక్కింది 13 శాతమే. కానీ ఆ పదేళ్లూ రోగి వెంట ఎవరున్నారు? ప్యాకేజీ డబ్బుల్లో డైటీషియన్ ఎన్ని నెలలు? మనసు కుంగితే చూసే వైద్యులు ఎవరు? 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాక సర్జరీ అవసరం తీరిపోయిందనేవాళ్లున్నారు. వాటినీ ఆపితే బరువు చాలావరకు తిరిగొస్తుంది. దారి ఏదైనా ఏళ్ల తరబడి తోడు అవసరమే.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. ఐఆర్‌డీఏఐ భారతీయ కొలతను తీసుకోవాలి. సర్జరీకి డబ్బిచ్చే పాలసీ కనీసం అయిదేళ్లు ఏటా రక్తపరీక్షలకు, డైటీషియన్‌కు కూడా ఇవ్వాలి. బి12 సూది ఖరీదు లోపం ముదిరాక అయ్యే వైద్యం ముందు ఏపాటిది! ఆస్పత్రులు తమ రోగుల్లో అయిదో ఏట ఎందరు తిరిగి పరీక్షలకు వచ్చారో ప్రకటించాలి. "ముందు, తర్వాత" ఫొటోల్లో తర్వాత అన్నది ఎప్పుడూ మొదటి ఏడాదే.

పెళ్లి కోసమని చేయించేవాళ్లతో ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకూడదు. పీసీఓఎస్‌తో నెలసరి తప్పుతూ వచ్చిన అమ్మాయికి బరువు తగ్గగానే అది గాడిన పడి, గర్భం వచ్చే అవకాశం ఒక్కసారిగా పెరుగుతుంది. బైపాస్ అయితే గర్భనిరోధక మాత్ర సరిగా ఒంటబట్టకపోవచ్చు. సరిగ్గా అదే ఏడాదిలో అత్తవారింట్లో "విశేషమేమైనా ఉందా?" అని అడుగుతుంటారు. ఆమె ఏ నోటితో చెప్పగలదు? గర్భిణికి షుగర్ పరీక్షకని తాగించే గ్లూకోజ్ నీళ్లు బైపాస్ అయినవాళ్లకు పడవు. చెమటలు పోసి, గుండె దడదడలాడి పడిపోవచ్చు. వాళ్లకు వేరే పద్ధతిలో చూడాలి. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న గైనకాలజిస్టుకు ఆ సంగతి తెలియాలంటే డిశ్చార్జి కాగితం చూడాలి. ఆ కాగితం కరోల్ బాగ్‌లో అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద ఉంటుంది.