వరిగడ్డికి చక్కెర ధర పలికేనా?

100 కిలోలు లోపలికి పంపితే 111 కిలోలు బయటికి వచ్చే సరుకంటే ఏ వర్తకునికైనా ఆశ పుట్టడం సహజం. గడ్డిలోని సెల్యులోజ్ నీటిని కలుపుకొని గ్లూకోజ్‌గా విడిపోతే కాగితం మీద తూకం అంతే వస్తుంది. కాని ఎండు వరిగడ్డిలో సెల్యులోజ్ మూడో వంతుకు కాస్త పైన మాత్రమే. బూడిద భాగమూ తక్కువేమీ కాదు.

ఈ విడగొట్టే పనికి గంధకామ్లం పాత దారి. ఆ ఆమ్లాన్ని సున్నంతో విరిస్తే జిప్సం గుట్టలు మిగులుతాయి. 2022 ఆగస్టులో ప్రారంభమైన పానిపట్ ఇథనాల్ కర్మాగారం ఏటా 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్లు తీసే లక్ష్యంతో కట్టినది. అక్కడిది ఎంజైముల పద్ధతి. ఎంజైములకు ఖరీదూ ఎక్కువే, కాలమూ ఎక్కువే.

మూడో దారి ఘన ఉత్ప్రేరకం. ఆమ్లగుణం ఎక్కించిన బొగ్గుపొడి వంటిది. వడగట్టి మళ్లీ వాడుకోవచ్చుననేది దీని ఆకర్షణ. 2008లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారు ఇటువంటి బొగ్గుతో శుద్ధ సెల్యులోజ్‌ను నీటిలో కరిగించి చూపారు. అయితే కరిగినదాంట్లో అధికభాగం పూర్తిగా విడని గొలుసులే, గ్లూకోజ్ స్వల్పం. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలోనూ ఈ దిశగా కృషి జరిగింది.

చిక్కు ఎక్కడంటే, గడ్డీ ఘనమే, ఉత్ప్రేరకమూ ఘనమే. రెండూ ఒకదానికొకటి సరిగా తగలవు. కలిపి మెత్తగా నూరితే తగులుతాయి గాని కరెంటు ఖర్చు మీద పడుతుంది. పని ముగిశాక మిగిలే లిగ్నిన్ బొగ్గుపొడిలో కలిసిపోతే వేరుచేయడం మరో ఖర్చు. అన్నిటికంటె వ్యాపారులకు సంబంధించినది, గడ్డిలోని పొటాషియం. అది ఉత్ప్రేరకంలోని ఆమ్లస్థానాలను ఆక్రమించి దాని సత్తువ తీసేస్తుంది. శుద్ధ సెల్యులోజ్‌తో చూపిన ఫలితం పొలం గడ్డితో రాకపోవడానికి ఇదొక కారణం.

కనుక చక్కెర ధర ఊహించుకొని గడ్డి నిల్వ చేయడం తొందరపాటే. కోస్తా జిల్లాల్లో వరిగడ్డి ముందు పశువుల మేత. ఆ ధరను దాటి ఇవ్వగల కర్మాగారమే దాన్ని కొనగలదు. అటువంటి కొనుగోలుదారు వచ్చిననాడు నిమ్ము ఒక్కటే చూసి బేరం ముగించడు, బూడిద శాతమూ అడుగుతాడు. మట్టితో సహా బేలు కట్టి తూకం పెంచుకునే అలవాటు అక్కడ సాగదు. బూడిద ప్రస్తావన లేని ఒప్పందంపై అడ్వాన్సు ఇచ్చే దళారి, తరుగు రైతు ఖాతాలో పడుతుందా, తన ఖాతాలోనా అన్నది సరుకు లారీకెక్కక ముందే తేల్చుకోవాలి.