విహారయాత్ర: చూపేదీ, చూడవలసినదీ

యాత్ర అనే మాటకు మన పెద్దలు ఇచ్చిన అర్థం వేరు. నేడు మనం ఇచ్చుకుంటున్న అర్థం వేరు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పుణ్యం కోసం పోయిన మనిషే. అయినా ఆయన కాశీయాత్ర చరిత్ర తెరచి చూస్తే దేవాలయాల సంగతులతో పాటు దారిలోని ఊళ్లు, ఏరులు, పంటలు, సరకుల ధరలు, మనుష్యుల నడవడి కనిపిస్తవి. దారి చూపినవారు ఎందరో ఉండవచ్చు. ఏమి చూడవలెనో మాత్రం ఆయనే నిర్ణయించుకున్నారు. నేడు రుసుము చెల్లిస్తే బస్సు, ఫలహారం, పడవ, మార్గదర్శి అన్నీ సిద్ధం. ఏమి చూడవలెనో అదీ సిద్ధమే. ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఇంత సుఖమైన ఏర్పాటును నిందించడానికి నేను ఈ వ్యాసం వ్రాయడం లేదు. ఆ ఏర్పాటులో ఉపాధ్యాయుని స్థానమేమిటో ఒక్కసారి ఆలోచించుదామనే వ్రాస్తున్నాను.

నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు ఉద్యోగరీత్యా ఐరోపాలో ఉంటున్నాడు. సంక్రాంతికి మా కె.కోటపాడు వచ్చినప్పుడు, పోర్చుగల్ దేశంలో తాను చేసిన ఒకరోజు యాత్రను గురించి చెప్పాడు. పోర్టో నగరం నుంచి ఉదయం బస్సులో బయలుదేరి డౌరో నదీలోయకు పోవడం, కొండచరియల మీది ద్రాక్షతోటలు చూడడం, వైను తయారుచేసే చోట దాని రుచి చూడడం, మధ్యాహ్నం నదిలో పడవ షికారు, రాత్రికి మళ్లీ నగరం. ఇదీ యాత్ర. పూర్వం ఆ పడవల వంటి వాటిలోనే వైను పీపాలను లోయ నుంచి పోర్టో వైపునకు దించేవారట.

"వైను రుచి ఎట్లా ఉన్నదిరా?" అని అడిగాను నవ్వుతూ. "రుచి గుర్తు లేదు మాస్టారూ, రాళ్లు గుర్తున్నవి" అన్నాడు. ఆ మాట నన్ను ఆకర్షించినది. ఆ కొండలు మట్టికొండలు కావు. పలకలు పలకలుగా చీలే రాతి కొండలు. ఆ రాతిని తరతరాల కూలీలు చేతులతో పగులగొట్టి, గోడలు పేర్చి, మెట్లు మెట్లుగా మడులు కట్టారు. 1756లోనే అక్కడి ప్రభుత్వం ఈ సీమకు ఎల్లలు నిర్ణయించి, ఇక్కడి పంటకే ఈ పేరు చెల్లునని శాసించినది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఫిలోక్సెరా అనే చిన్న పురుగు వేళ్లను పీల్చి తోటలను నాశనం చేసినది. అప్పుడు రైతులు విడిచిపోయిన మెట్లు కొన్ని నేటికీ బీడుగానే ఉన్నవి. 2001లో ఆ లోయ ప్రపంచ వారసత్వ స్థలాలలో చేరినది. మావాడి మార్గదర్శి పచ్చని తోటలతో పాటు ఆ బీడుమెట్లను కూడా వ్రేలు పెట్టి చూపినదట. "ఇక్కడ మా పూర్వులు ఓడిపోయారు" అని చెప్పినదట. ఓటమిని కూడా చూపగలిగిన మార్గదర్శి గొప్ప మార్గదర్శి అని నాకు తోచినది.

వైను సీమను గురించి ఉపాధ్యాయుడు ముచ్చటించవచ్చునా అని కొందరు మిత్రులు శంకించవచ్చు. పానాన్ని మెచ్చుకోవడం వేరు, పంటను తెలుసుకోవడం వేరు. తాగకుండానే ఆ లోయను గురించి నేర్చుకోవలసినది బోలెడున్నది. అంతెందుకు? మన గోదావరి పుట్టిన నాసిక్ సీమ నేడు ద్రాక్షకూ వైనుకూ పేరుపడినది. అక్కడి తోటలకూ యాత్రికులు వెళుతున్నారు. ఆ నదే 1465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలిసే లోపల, తూర్పు కనుమలను చీల్చుకుని పాపికొండల నడుమ సన్నబడుతుంది. అక్కడ మనకు పడవ షికారు ఉన్నది. అంటే వారికున్నవన్నీ మనకూ ఉన్నవి. నది ఉన్నది, కొండలున్నవి, పంట ఉన్నది, పడవ ఉన్నది. ఓటమిని కూడా చూపే ఆ వ్రేలు మాత్రమే లేదు. ఈ మాట ఇతరులను నిందించడానికి అనడం లేదు. నా అనుభవమే చెబుతాను.

2018 జనవరిలో మేము కొందరం ఉపాధ్యాయులం కలిసి విద్యార్థులను పాపికొండలకు తీసుకుపోయాము. అర్ధరాత్రి కోటపాడులో బస్సెక్కితే తెల్లవారేసరికి రాజమహేంద్రవరం చేరుకున్నాము. అక్కడి నుంచి రేవుకు పోయి పడవ ఎక్కాము. ఫలహారాలు పంచారు. పిల్లలకు అది పండుగ. గండి పోచమ్మ గుడి దాటిన తరువాత మైకు మొదలైనది. ఏ సినిమాలో ఏ పాట ఏ కొండ దగ్గర తీశారో మార్గదర్శి ఉత్సాహంగా చెబుతున్నాడు. మధ్య మధ్య పాటలు, నృత్యాలు. పిల్లలతో పాటు మేమూ చప్పట్లు కొట్టాము.

ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి మాత్రం పడవ అంచున కూర్చుని ఒడ్డు వైపే చూస్తున్నది. ఒడ్డున ఇళ్లున్నవి. ఒక ఇంటి ముందు వెదురు బద్దలు ఎండబెట్టి ఉన్నవి. ఒక ముసలమ్మ బిందెతో నీళ్లు ముంచుకుపోతున్నది. "మాస్టారండీ, ఆ ఇళ్లు ఎవరివండీ?" అని ఆ పిల్ల నన్ను అడిగినది. నేను మార్గదర్శి వైపు చూశాను. "అవన్నీ ముంపు ఊళ్లమ్మా. అక్కడ చూడడానికేమీ లేదు. ముందు అసలైన పాపికొండలు వస్తవి" అని అతడు మరొక పాట పెట్టాడు. నేను ఊరుకున్నాను. నాకు మాత్రం ఏమి తెలుసు? పేరంటపల్లిలో దిగి శివాలయం చూశాము. గిరిజనులు అమ్మే వెదురు బొమ్మలు బేరమాడి కొన్నాము. ఆ బొమ్మ చేసిన చేయి ఎవరిదో అడుగలేదు.

తిరిగి వచ్చిన తరువాత పిల్లలచేత యాత్రావ్యాసం వ్రాయించాను. ఆ అమ్మాయి పాటలను గురించి, భోజనాన్ని గురించి రెండు పుటలు వ్రాసి, చివర ఒక్క వాక్యం చేర్చినది. నది ఒడ్డున కొన్ని ఇళ్లున్నవి, అవి ఎవరివో తెలియలేదు అన్నది దాని భావం. పదికి ఎనిమిది మార్కులు వేసి, "బాగున్నది" అని వ్రాసి ఇచ్చాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను దిద్దిన వ్యాసాలలో నన్ను నేటికీ బాధించే వ్యాసం అదొక్కటే. ఆ పిల్ల ప్రశ్న వ్రాసినది. నేను మార్కులు వేసి ఆ ప్రశ్నను కప్పిపెట్టాను.

ఆ తరువాత కొంత చదివి తెలుసుకున్నాను. ఆ నదికి అడ్డంగా పోలవరం దగ్గర కడుతున్న జలాశయపు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. ఆ నీటికి ఇళ్లూ పొలాలూ విడువవలసిన కుటుంబాలు లక్షకు పైగా ఉన్నట్లు ప్రభుత్వపు లెక్కలే చెబుతున్నవి. వారిలో కొండరెడ్లు, కోయలు ఎందరో ఉన్నారు. మేము పడవలో పోయిన మూడు నాలుగేళ్లకే, ఆనకట్ట పని కోసం కట్టిన కాఫర్ డ్యాము వెనుక వరదనీరు నిలిచి, దేవీపట్నం వైపు ఊళ్ల జనం ఇళ్లు విడిచిపోవలసి వచ్చినది. "చూడడానికేమీ లేదు" అన్న మాట ఆ విధంగా నిజమైనది. చూడడానికి ఉన్ననాడు మేము చూడలేదు.

ఇందులో మనకు మరింత దగ్గరి సంగతి ఒకటి ఉన్నది. ఆ జలాశయం నుంచి బయలుదేరే ఎడమ ప్రధాన కాలువ ఎటు వస్తుంది? మన అనకాపల్లి వైపే వస్తుంది. విశాఖ పరిశ్రమలకు, ఊళ్ల దాహానికి, ఈ దిక్కు పొలాలకు నీరివ్వడం ఆ పథకపు ఉద్దేశాలలో ఒకటి. 2022లో మా కోటపాడు విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చినది గాని, నీటికోసం మేఘం వైపు చూచే అలవాటు మాకు మారలేదు. నీరు రావలె. నేను వద్దనే వాడను కాను. వానకోసం ఎదురుచూచి ఎండిన చెరకు చేలు నేనూ చూచినవాడినే. అయితే రేపు మన ఇంటి కుళాయికి వచ్చే నీరు ఎవరి వాకిలి మీదుగా పారి వచ్చినదో మన పిల్లలు ఎరుగకుండా పెరగడం న్యాయమా? పుచ్చుకునేవాడు ఇచ్చినవాని పేరైనా తెలుసుకోవడం మన సంప్రదాయం. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నిజానికి ఇదే.

"పిల్లలు సరదాగా పోతే అక్కడ కూడా పాఠమేనా?" అని అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాటలు మానమని నేను అనను. నది మీద పోతున్నప్పుడు పిల్లలకు పాట రాకపోతేనే ఆశ్చర్యపడవలె. కాని పడవలో ఒక్క గంట సేపు మైకు ఆపించవలె. ఆ గంట పిల్లలది. నీటి చప్పుడు వినవలె, ఒడ్డును చూడవలె, అడుగదలచినది అడుగవలె. తెలిసినది చెప్పవలె, తెలియనిది తెలియదని చెప్పి, తిరిగి వచ్చిన తరువాత అందరూ కలిసి వెదకవలె. మార్గదర్శిని నిందించి ప్రయోజనం లేదు. అతని జీతం పాటలకు ఇస్తున్నారు. మన జీతం ప్రశ్నలకు ఇస్తున్నారు.

ఇంకొక సంగతి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో యాత్రికుల పడవ మునిగి సుమారు ఏబది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ కుటుంబాల దుఃఖం మరువరానిది. నది ఎప్పుడు శాంతంగా ఉంటుందో, ఎప్పుడు ఉండదో తెలుసుకోవడం యాత్రలో మొదటి పాఠం. ప్రాణరక్షణ కవచం లేకుండా ఒక్క విద్యార్థినైనా పడవ ఎక్కించరాదు. వరద మట్టం పెరిగిన నాడు, కట్టిన డబ్బు పోయినా సరే, వెనుకకు తిరిగే ధైర్యం ఉపాధ్యాయునికి ఉండవలె. డౌరో నదిలోనూ పూర్వం వడిసుడులలో పడవలు పగిలి ఎందరో పోయారు. తరువాత ఆనకట్టలు కట్టడం చేతనే ఆ నది ఇప్పుడు కుదురుగా ఉన్నది. అందమైన ప్రతి నదికీ ఇటువంటి చరిత్ర ఒకటి ఉంటుంది.

అంత దూరం పోయే స్తోమత అన్ని పాఠశాలలకూ ఉండదు. పోనక్కరలేదు కూడా. మాది చెరకు సీమ. అనకాపల్లి బెల్లం బజారు దేశంలో పేరుగన్నది. చెరకు గానుగ ఆడి, రసం పెనంలో పోసి, పైకి తేలిన మడ్డి తీసి, పాకం ముదిరిన క్షణాన్ని కంటితోనే కనిపెట్టి దించుతారు. ఒక్క నిమిషం ముందు దించితే బెల్లం గట్టిపడదు. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడుతుంది. రసం తీసిన పిప్పే ఆ పొయ్యికి వంటచెరకు. రసాయన శాస్త్రం, అర్థశాస్త్రం, కూలివాని జీవితం, అన్నీ ఆ పెనం చుట్టూ ఉన్నవి. పోర్చుగల్ పోయి ద్రాక్షరసం పులిసే విధం తెలుసుకుని వచ్చిన మావాడు, మా ఊరి గానుగ దగ్గర చిన్ననాడు ఒక్కసారీ నిలబడలేదని తానే ఒప్పుకున్నాడు. నిలబెట్టవలసిన వాడిని నేనే. మా చుట్టుప్రక్కల గానుగలు ఏటేటా తగ్గుతున్నవి. రేపు చూపుదామంటే ఉండకపోవచ్చు. ముంపు నీటివల్లనే ఊళ్లు మాయమవుతవని అనుకోరాదు. చూపు తగ్గినా మాయమవుతవి.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఇది. ఈ ఏడాది యాత్రకు ముందు ఒక పూట పిల్లలను గానుగ దగ్గరకు తీసుకుపోయి, పెనం దించే మనిషితో మాట్లాడించండి. మాట్లాడడం అక్కడ అలవాటైతే నది ఒడ్డున నోరు పెగులుతుంది. యాత్రకు వారం ముందు నల్లబల్ల మీద గోదావరిని త్ర్యంబకం నుంచి అంతర్వేది దాకా పిల్లల చేతనే గీయించండి. ఏ ఊళ్లు పోతున్నవో, ఏ ఊళ్లకు నీరు వస్తున్నదో ఆ పటంలోనే గుర్తించండి. వీలైతే తిరుగు ప్రయాణంలో ఒక పునరావాస కాలనీ దగ్గర బస్సు ఆపి, అక్కడివారు ఇష్టపడితే, ఒక పెద్దను తన పాత ఊరి పేరు చెప్పమని అడుగండి. ఆ పేరు పిల్లలు పుస్తకంలో వ్రాసుకుంటే చాలు.

విద్యార్థులకు ఒక్క మాట. మార్గదర్శి చూపినది తప్పక చూడండి, అది అందమైనదే. తరువాత తల త్రిప్పి రెండవ ఒడ్డు కూడా చూడండి. అర్థం కానిది కనిపిస్తే అడగండి. మీ మాస్టారు ఊరుకుంటే మళ్లీ అడగండి. నన్ను అడిగిన ఆ అమ్మాయి రెండవసారి అడుగలేదు. అడిగి ఉంటే నా పాఠం అంత ఆలస్యమయ్యేది కాదు.